బడిని మనం ఎంచుకుంటున్నామా, బడే మన పిల్లల్ని ఏరుకుంటుందా?

గురుకుల ప్రవేశాల గురించి కాస్త తీరిగ్గా మాట్లాడుకోవాలి.

ఐదో తరగతి సీట్లకు డిసెంబర్, జనవరిలో ఆన్‌లైన్ దరఖాస్తులు, ఫిబ్రవరిలో పరీక్ష. ఎస్సీ, ఎస్టీ, బీసీ, జనరల్ గురుకులాలన్నిటికీ ఒకటే టెస్టు, ఫీజు 100 రూపాయలు. ఇది కాక ఆరో తరగతికి ఏకలవ్య స్కూళ్లున్నాయి. ప్రైవేట్ బడి ఫీజు సర్కారే కట్టే బెస్ట్ అవైలబుల్ స్కూల్ లాటరీ ఉంది. (2025 దసరా సెలవుల తర్వాత బకాయిలు రాలేదని కొన్ని బడులు ఆ పథకం పిల్లల్ని గేటు బయటే నిలబెట్టాయి, అది వేరే కథ.) కాగితం మీద చూస్తే మనకు ఎన్ని దారులో!

ఇప్పుడు జనవరిలో చర్ల, దుమ్ముగూడెం వైపు ఒక గూడేనికి పోయి చూడండి. ముసలోళ్లే కనపడతారు. మిగతావాళ్లు మిర్చి ఏరడానికి పోతారు. చంటిపిల్లను చూసుకోవడానికి పదేళ్ల అక్క కూడా పోతది. ఆ అక్కే ఐదో తరగతి సీటుకు దరఖాస్తు పెట్టాల్సిన పిల్ల. వాళ్లు తిరిగొచ్చేసరికి గడువు ముగుస్తుంది.

ఇంటి దగ్గర ఉన్నోళ్లకైనా సులువా? కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, వాటికోసం మీసేవ, తహసీల్దార్ ఆఫీసు. పల్లెల్లో ఆదాయ పరిమితి లక్షన్నర. పోడు చేసుకునే ఇంట్లో లక్షన్నర దాటదని తేల్చడానికి రెండు మూడు రోజుల కూలి పోగొట్టుకోవాలా? గుత్తికోయ పిల్లలదైతే మరీ ఘోరం. ఛత్తీస్‌గఢ్‌లో వాళ్లు ఎస్టీలు, సరిహద్దు ఇవతల ఆ సర్టిఫికెట్టే ఇవ్వరు.

ఇక పరీక్ష. 100 మార్కుల్లో తెలుగుకు 20, ఇంగ్లిష్‌కు 25. ఇంట్లో కోయ మాట్లాడే పిలగాడికి 45 మార్కులు తనవి కాని రెండు భాషల్లో ఉన్నాయి. కోయ వచ్చిన టీచరు ఒకటో తరగతి నుంచి ఉంటే ఆ గండం దాటొచ్చు. షెడ్యూల్డ్ ఏరియాలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో నంబర్ 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. ఏకలవ్యలో చూస్తే 2023 నుంచి నియామకాలు ఢిల్లీ నుంచే, హిందీ పరీక్ష కూడా పెట్టి. కోయ పిల్లకు హిందీ సారు!

"రాసి సీటు కొట్టినోళ్లు లేరా?" అని అడుగుతారు. ఉన్నారు, వాళ్లను చూస్తే నాకు గర్వమే. కానీ ఎవరింటి నుంచి వచ్చారో చూడండి. చదువుకున్న అన్నో, అంగన్‌వాడీ టీచరైన అమ్మో, రోడ్డు పక్క ఊరో ఉంటుంది. గురుకులాలు వద్దని నేననట్లేదు, ఇంకా కావాలి. పదేళ్ల పిల్ల తెలివిని కొలుస్తున్నామని చెప్పి దారి దూరాన్నీ కాగితాలనూ కొలవడమే నాకు మింగుడు పడట్లేదు.

భద్రాచలం ఐటీడీఏను మనం అడగాల్సింది పెద్దదేం కాదు. గిరిజన ప్రాథమిక పాఠశాలల రిజిస్టర్లలో నాలుగో తరగతి పిల్లల పేర్లు, కులం ఉన్నాయి. దాన్నిబట్టి సర్టిఫికెట్లు బడి దగ్గరే ఇవ్వండి. దరఖాస్తులు గూడెంలోనే నింపండి, ఫీజు మీరే కట్టండి. మిర్చి చేలకు పోయిన పిల్లలకు ఇంకో తేదీ ఇవ్వండి.

అది జరిగేదాకా మన పని మనం చేద్దాం. నవంబర్‌లోనే, జనం ఊరు వదలకముందే, ఫోన్ ఉన్న ఇద్దరు డిగ్రీ పిల్లలు ఒక్కో గూడేనికి పోవాలి. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ తప్పు పడితే అప్పుడే పట్టుకోవచ్చు. మీ మండలంలో ఎవరు పోతారో కింద రాయండి.