ఆ జీన్‌ని లోపం అనాలా?

పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి అన్నలూ, అక్కలూ.

సీపీటీ1ఏ అని ఒక జీన్ ఉంది, 11వ క్రోమోజోమ్ మీద. అది ఇచ్చే ఎంజైమ్ కాలేయంలో కొవ్వుకి గేటు లాంటిది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు పొడవాటి కొవ్వు ఆమ్లాలకి కార్నిటిన్ తగిలించి మైటోకాండ్రియా లోపలికి పంపిస్తది. అక్కడ అవి కాలి శక్తి వస్తది, కీటోన్లు తయారవుతాయి. మనం అన్నం తిన్నాక మలోనిల్ కోఏ అనే పదార్థం పెరిగి ఆ గేటు మూసేస్తది.

గ్రీన్‌లాండ్, ఉత్తర కెనడా, అలాస్కా తీరాల ఆదివాసులు ఇన్యూట్లు. వాళ్లలో చాలామందికి ఈ ఎంజైమ్‌లో 479వ చోట ప్రోలిన్ బదులు ల్యూసిన్ ఉంటది. దాంతో ఎంజైమ్ పని బాగా తగ్గుతుంది, కానీ మలోనిల్ కోఏ మాట కూడా అంతగా వినదు. వరీ గోధుమా పండని నేలలో తరతరాలుగా సీల్, తిమింగలం, చేప తిని బతికిన జనం వాళ్లు. ఇదే మార్పు ఈశాన్య సైబీరియా జనాల్లో కూడా ఎక్కువ. ప్రకృతే దాన్ని ఎంచుకుని నిలబెట్టిన గుర్తులు ఉన్నాయని 2014లో వచ్చిన పరిశోధన చెప్పింది. అన్నం, రొట్టె తినేవాళ్ల శరీరాన్ని కొలతగా పెట్టుకుని దాన్ని లోపం అనడం నాకైతే ఒప్పుదల కాదు.

అలాగని "ఆదివాసీ రక్తమే గొప్ప" అనే పోస్టులూ నాకు నచ్చవు. జ్వరమొచ్చి పాలు తాగని పసిబిడ్డకి రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం నిజంగానే ఉంది. "నీ బిడ్డ జీన్ చెడిపోయింది" అంటే తల్లి ఏం చేస్తది, ఏడుస్తది. "ఎక్కువసేపు ఆకలితో ఉంచకు, పాలు తాగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకురా" అంటే బిడ్డ బతుకుతది.

మన దగ్గర సికిల్ సెల్ పరీక్షలు జరుగుతున్నాయి కదా, 2023లో జాతీయ మిషన్ మొదలైనప్పటి నుంచి. ఆ జీన్ ఒక్కటే ఉంటే తీవ్రమైన మలేరియా నుంచి కొంత కాపాడుతుంది, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వస్తే నొప్పులతో నరకం. ఈ రెండు ముక్కలూ కలిపి చెప్పేవాళ్లు తక్కువ. పరీక్ష తప్పకుండా చేయించుకోండి. కానీ కార్డులు అందరి ముందు పేర్లు పిలిచి పంచకూడదు. పెళ్లి సంబంధాల దగ్గర ఆ మాట ముందు ఎవరి మీద పడుతుందో మన చెల్లెళ్లని అడగండి. కోయలోనో, కువిలోనో, ఇంట్లో మాట్లాడే మాటలో పక్కన కూర్చోబెట్టి చెప్పాలి.

గ్రూపులో నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ చదివేవాళ్లు ఉన్నారు. మీ ఊళ్లో రిజల్ట్ ఎలా చెప్తున్నారో రాయండి.