నికొలస్ సోదరులది నృత్యమా, సాముగరిడీయా?

అమెరికా దేశమున టాప్ నృత్యమని యొకటి కలదు. పాదరక్షల మునివ్రేళ్ళకడను, మడమలకడను లోహపు రేకులు బిగించుకొని, నేలయే వాద్యముగా లయను పలికించుట దాని పద్ధతి. గజ్జెల సవ్వడి నెఱిగిన మన విద్యార్థులకు దీనిని మిక్కిలి వివరింప నక్కఱలేదు. ఆ విద్యలో మేటులైన నికొలస్ సోదరులను పొగడువారు సైతము వారిని సాముగరిడీ చేయువారినిగానే పొగడుచుందురు. ఆ పొగడ్త మాకు సమ్మతము గాదు.

అన్న ఫేయార్డ్ 1914లోను, తమ్ముడు హెరాల్డ్ 1921లోను నల్లజాతి కుటుంబమున జన్మించిరి. తల్లి పియానో, తండ్రి డ్రమ్ములు వాయించువారు. ఫిలడెల్ఫియాలో తలిదండ్రులు నాటకశాల వాద్యబృందమున నుండగా, బాలుడైన ఫేయార్డ్ ముందువరుసలో కూర్చుండి, వచ్చిన నర్తకుల నెల్ల చూచి చూచి యడుగులు పట్టుకొనెను, తమ్మునికి నేర్పెను. గురువునొద్ద శిక్షణ లేదు. (ఉపాధ్యాయులమైన మాకిది కొంత యిబ్బందికరమైన సంగతియే!)

1932లో వారు న్యూయార్కు కాటన్ క్లబ్బున ప్రవేశించునప్పటికి హెరాల్డుకు పదునొకండేండ్లు. ఆ క్లబ్బులో ఆడువారు, పాడువారు నల్లవారు, చూచువారు తెల్లవారు. పిమ్మట హాలీవుడ్డు పిలిచినది. 1943 నాటి 'స్టార్మీ వెదర్' చిత్రమున పెద్దపెద్ద మెట్లమీదుగా ఒకరి తలమీదినుండి యొకరు దుమికి, కాళ్ళు రెండును బారచాపి వ్రాలి, చేతియూత లేకయే లేచుచు దిగివత్తురు. ముందు అభ్యసింపకయే యొక్కసారిగా దానిని చిత్రించిరని ఫేయార్డ్ చెప్పియుండెను. సాముచేయువాడు దుముకుతోనే తన పని ముగించును. వీరు వ్రాలునది తాళముమీద, లేచునది తాళముమీద. ఇది నృత్యము గాక మఱేమి?

పేరులో నేమున్నదని కొంద ఱనవచ్చును. ఉన్నది. విన్యాసము చేయువారే యనుకొన్నచో ఒక్క దృశ్యమునకు పిలిచి, కథలో చోటీయకుండ పంపివేయవచ్చును. హాలీవుడ్డు చేసినది పెక్కుమా ఱదియే. కథతో సంబంధములేని యా దృశ్యమును, నల్లవారిని తెరపై నోర్వలేని దక్షిణ రాష్ట్రములలో కోసివేయుట సులభమయ్యెను. 1948లో 'ది పైరేట్' చిత్రమున జీన్ కెల్లీ వారితో సమానముగా కలిసి యాడగా, కొన్ని నగరములలో ఆ నృత్యమును తొలగించిరి.

నృత్యకల్పనకై టోనీ బహుమానము ఫేయార్డునకు 1989లో, 'బ్లాక్ అండ్ బ్లూ' నాటకమునకు, మఱి ముగ్గురితోపాటు లభించెను. అప్పటి కాతని వయస్సు 74 ఏండ్లు. సోదరులిద్దఱికిని 1991లో కెన్నెడీ సెంటర్ గౌరవము దక్కినది. హెరాల్డ్ 2000లోను, ఫేయార్డ్ 2006లోను కాలధర్మము నొందిరి.

ఆ చిత్రము చూడ నవకాశము కలిగిన విద్యార్థులు మొదటిమాఱు ఎటులను ఆ దుముకులనే చూతురు. రెండవమాఱు ఫేయార్డ్ చేతులను చూచి, అవి యేమి చేయుచున్నవో మాకు వ్రాసి పంపవలెను.