గుండెకో కావలి

తెల్లవారుజామున పెరట్లో నీళ్లతొట్టి దగ్గర చెంబు పడిన చప్పుడైంది. ఆవిడ పరుగున వెళ్లేసరికి పెద్దాయన నేలమీద ఉన్నాడు. 'ఏమీ లేదు, కాలు జారింది' అన్నాడు. నిజానికి కాలు జారలేదు. కళ్లముందు చీకటి కమ్మింది. ఆ తర్వాత ఏం జరిగిందో ఆయనకే తెలియదు. నెల రోజుల్లో అలా పడటం అది మూడోసారి.

ఈ ఇల్లు చంద్రగిరిలో ఉండొచ్చు. పీలేరులోనో, పలమనేరులోనో ఉండొచ్చు. డెబ్బై దాటిన పెద్దవాళ్లున్న ఏ ఇంట్లోనైనా జరగగల కథే ఇది. మొదటిసారి నీరసం అనుకుంటారు. రెండోసారి పైత్యం అంటారు, నిమ్మకాయ నీళ్లతో సరిపెడతారు. మూడోసారికి గానీ ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని నాడి చూడరు. చూస్తే నిమిషానికి 36!

తిరుపతిలో ఈసీజీ తీశారు. అక్కడికక్కడే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. 'పూర్తి హార్ట్ బ్లాక్. పేస్‌మేకర్ పెట్టాలి' అన్నారు డాక్టరు.

ఇక మంచం చుట్టూ పంచాయితీ మొదలైంది. బెంగళూరు నుంచి వచ్చిన కొడుకు 'ఈ రోజే పెట్టించేద్దాం' అంటాడు. చిత్తూరు కూతురు 'వేలూరు తీసుకెళ్లి ఇంకోసారి చూపిద్దాం' అంటుంది. చూడటానికి వచ్చిన చుట్టం 'మా బావమరిదికీ రెండు బ్లాకులే. స్టెంట్ వేశారు, సరిపోయింది' అంటాడు. పెద్దాయన మాత్రం 'డెబ్బై ఎనిమిదేండ్లు బతికినా. ఇంక నాకు మిషనెందుకురా నాయనా?' అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సగం గందరగోళం ఆ 'బ్లాక్' అన్న మాట దగ్గరే ఉంది. బావమరిదికి వచ్చింది రక్తనాళంలో అడ్డు. స్టెంట్ వేసేది దానికి. పెద్దాయనకు వచ్చింది కరెంటు దారిలో అడ్డు. గుండె పైభాగంలో కుడివైపు చిన్న కణాల గుంపు ఒకటి ఉంటుంది. నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ సంకేతం పుట్టించేది అదే. ఆ సంకేతం కింది గదులకు చేరితేనే గుండె కొట్టుకుంటుంది. రోజుకు దాదాపు లక్షసార్లు జరిగే పని ఇది. వయసుతో ఆ కణాలు అలిసిపోవచ్చు, లేదా దారి మధ్యలో తెగిపోవచ్చు. దారి పూర్తిగా తెగితే కింది గదులు తమంతట తాము 30, 40 సార్లు మాత్రమే కొట్టుకుంటాయి. అదీ నమ్మకం లేని లెక్క. మధ్యలో కొన్ని సెకన్లు ఆగితే మెదడుకు రక్తం చాలదు, మనిషి కూలిపోతాడు.

పేస్‌మేకర్ చేసే పని చిత్తూరు జిల్లా రైతులకు చెప్పడం తేలిక. మామిడితోటకు కావలి పెడతారు కదా! కావలివాడు చెట్లు పెంచడు, కాయలు కాయించడు. ఊరికే కూర్చుని చూస్తుంటాడు. అలికిడైతేనే లేస్తాడు. ఇదీ అంతే. ప్రతి దెబ్బనూ గమనిస్తుంది. గుండె తన పని తాను చేసుకుంటుంటే నోరెత్తదు. ఆలస్యమైతే మాత్రం చిన్న సంకేతం పంపి కొట్టిస్తుంది. రక్తనాళాల్లో పూడికను తీయదు, బలహీనపడ్డ కండరాన్ని బాగుచేయదు. ఆ మందులు ఆపడానికి వీల్లేదు.

మరి నాడి నెమ్మదించిన ప్రతివాళ్లకీ ఇది పెట్టాల్సిందేనా? అక్కర్లేదు. రక్తపోటుకు వాడే అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు నాడిని తగ్గిస్తాయి. గ్లకోమాకు వేసుకునే టిమొలాల్ కంటి చుక్కలు కూడా కొందరిలో ఆ పని చేస్తాయి. థైరాయిడ్ తగ్గినా, రక్తంలో పొటాషియం పెరిగినా అదే పరిస్థితి. వాటిని సరిచేస్తే నాడి దారికి రావచ్చు. అందుకే పెద్దవాళ్లు వాడుతున్న మందులన్నీ, చుక్కలతో సహా, సంచిలో వేసుకుని డాక్టరుకు చూపించాలి. నాడి నెమ్మదిగా ఉన్నా తల తిరగడం, స్పృహ తప్పడం, ఆయాసం లేని వాళ్లలో చాలామందికి తొందరపడాల్సిన పని ఉండదు. ఒంటికి 24 గంటలు తగిలించే హోల్టర్ పరీక్ష చేసి, కొంతకాలం గమనిస్తారు. 

పెద్దాయన సంగతి వేరు. మందుల దోషం లేదని తేలాక, పూర్తి బ్లాకుతో పడిపోతున్న మనిషికి వాయిదా మంచిది కాదు. రెండో అభిప్రాయం కావాలనుకోవడం తప్పు కాదు గానీ, అలాంటి మనిషిని కారులో ఊళ్లు తిప్పేకంటే రిపోర్టులు పంపి అడగడం మేలు. పైగా తిరుపతివాళ్లకు దీనికోసం దూరం వెళ్లాల్సిన అవసరం ఎప్పుడో తీరింది. టీటీడీ నెలకొల్పిన స్విమ్స్ 1993లో సేవలు మొదలుపెట్టింది. పేదవాళ్లకు 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారిన పథకం ఉంది. పేస్‌మేకర్ పెట్టడం ఆ జాబితాలోని చికిత్సే.

ఈ నిర్ణయం ముందు మొట్టమొదట నిలబడిన కుటుంబం స్వీడన్‌ది. ఆర్నె లార్సన్ వయసు అప్పటికి 43. రోజుకు ఇరవై ముప్ఫైసార్లు స్పృహ తప్పేది. శరీరం లోపల పెట్టే పేస్‌మేకర్ అంటూ అప్పటికి లోకంలో లేదు. ఆయన భార్య ఎల్స్ మారీ ఊరుకోలేదు. సర్జన్ ఓకె సెన్నింగ్ చుట్టూ, ఇంజినీరు రూనె ఎల్మ్‌క్విస్ట్ చుట్టూ తిరిగి ఒప్పించింది. బూటు పాలిష్ డబ్బాను అచ్చుగా వాడి ఎల్మ్‌క్విస్ట్ ఆ పరికరాన్ని పోతపోశాడు. 1958 అక్టోబరు 8న స్టాక్‌హోంలో దాన్ని లార్సన్ ఒంట్లో అమర్చారు. అది కొన్ని గంటలే పనిచేసింది. అయినా ఆ దారి మూసుకుపోలేదు. ఆ తర్వాత ఆయనకు ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మారాయి. సర్జన్ కన్నా, ఇంజినీరు కన్నా ఎక్కువకాలం బతికి 2001లో 86వ ఏట ఆయన కన్నుమూశాడు. అదీ గుండె ఆగి కాదు, క్యాన్సర్‌తో.

ఇప్పుడిది ఆనాటి సాహసం కాదు. మత్తు మొత్తం ఇవ్వరు. కాలర్ ఎముక కింద, ఎక్కువగా ఎడమవైపు, తిమ్మిరి సూదివేసి చిన్న కోత పెడతారు. రక్తనాళం గుండా సన్నని తీగలు గుండెలోకి పంపి, చర్మం కింద 20, 30 గ్రాముల పరికరాన్ని ఉంచుతారు. సాధారణంగా గంట, రెండు గంటల పని. ప్రమాదం అసలే లేదని చెప్పడం నిజాయితీ కాదు. కోతచోట చీము పట్టొచ్చు, రక్తం గడ్డకట్టొచ్చు, తీగ జరగొచ్చు, అరుదుగా ఊపిరితిత్తికి గాయం కావచ్చు. అందుకే కొన్ని వారాలు ఆ చేతిని భుజం పైకి ఎత్తొద్దంటారు. బ్యాటరీ ఎనిమిది నుంచి పన్నెండేళ్లు వస్తుంది. తర్వాత మార్చాలి. మధ్యలో డాక్టరు చెప్పిన గడువుకు పరీక్ష చేయించుకోవాలి.

ఇవన్నీ కొడుకూ కూతురూ విన్నారు, తలూపారు. పెద్దాయన ఇంకా గోడవైపే తిరిగి ఉన్నాడు. ఎందుకు వద్దంటున్నాడని మాత్రం అప్పటిదాకా ఎవరూ అడగలేదు. చివరికి మనవరాలు అడిగింది. 

'అది ఉంటే ప్రాణం పోదంట గదమ్మా. మంచంలో పడి తీసుకుంటావుంటే కూడా కొట్టిస్తానే ఉంటాదంట.' 

ఇది ఆయన ఒక్కడి భయం కాదు. చాలామంది పెద్దవాళ్లు పైకి అనరు, అంతే. దీనికి డాక్టర్లు సమాధానం చెప్పగలరు. పేస్‌మేకర్ సంకేతం పంపుతుంది గానీ, దానికి స్పందించాల్సింది గుండె కండరమే. శరీరం మొత్తం సెలవు తీసుకుంటున్నప్పుడు కండరం ఆ మాట వినదు. ప్రాణాన్ని అది పట్టి ఉంచలేదు. ఆఖరి సంస్కారం గురించి కూడా ఇంట్లోవాళ్లకు ముందే తెలియాలి. బ్యాటరీ మంటల్లో పేలుతుంది కాబట్టి దహనానికి ముందు పరికరాన్ని తీయించాలి. ఇంకో మాట. నయంకాని జబ్బు ముదిరి, అన్నీ తెలిసి 'నాకు వద్దు' అనే మనిషి మాటను గౌరవించాల్సిందే. కానీ ఆ 'వద్దు' వెనక అపోహ ఉందా, ఆలోచన ఉందా అన్నది కనుక్కోవడం పిల్లల బాధ్యత.

రెండో ప్రశ్న మెల్లగా వచ్చింది. 'మరి కొండకు పోనిస్తారా?' 

పోనిస్తారు. భద్రతా తనిఖీల దగ్గర పేస్‌మేకర్ కార్డు చూపించాలి. మెటల్ డిటెక్టర్ గుమ్మంలోంచి ఆగకుండా నడిచిపోవచ్చు. చేత్తో పట్టుకునే పరికరాన్ని ఛాతీ దగ్గర ఉంచొద్దని చెబితే చాలు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కడం మాత్రం డాక్టరును అడిగాకే. 60 దాటినవాళ్లు, గుండెజబ్బు ఉన్నవాళ్లు కాలినడకన రావొద్దని 2024లో టీటీడీయే కోరింది. బస్సులో వెళ్తే స్వామి కాదనడు. ఇంట్లో జాగ్రత్తలూ కొన్నే. సెల్‌ఫోన్ చొక్కా జేబులో పెట్టుకోకూడదు, అవతలి చెవి దగ్గర పెట్టుకోవాలి. ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల దూరం ఉండాలి. వెల్డింగ్ దగ్గరికి పోకూడదు. ఎంఆర్ఐ రాస్తే ముందే పేస్‌మేకర్ సంగతి చెప్పాలి. మిక్సీ, టీవీ, ఫ్యాన్‌లతో ఏ భయమూ లేదు.

పెద్దాయన ఇటు తిరిగాడు. అయినా సరేననలేదు. 'ఇంకెన్నేండ్లు బతకాలని ఇదంతా?' అన్నాడు. 

అప్పటిదాకా మంచం పక్కన స్టూలు మీద ఒక్కమాట మాట్లాడకుండా కూర్చున్న ఆవిడ నోరు తెరిచింది. 'ఎన్నేండ్లో నాకు తెలీదు. మీరు లేచి పెరట్లోకి పోతావుంటే చెంబు చప్పుడు వింటా మేలుకోనుంటా. నెల దినాలైంది నేను నిద్రపోయి.' 

డాక్టర్లు రిపోర్టులో రాయనిది ఇదొక్కటే. తుంటి ఎముక విరిగితే మంచాన పడేది ఒకరే. ఎప్పుడు పడతాడోనన్న భయంతో కుంగిపోయేది ఇల్లంతా. ఇంకో పదేళ్లు బతకడం సంగతి తర్వాత. పెరట్లోకి ఒంటరిగా నడిచివెళ్లి, ముఖం కడుక్కుని తిరిగి రావడం ఇప్పటి ప్రశ్న.

పెద్దాయన చాలాసేపు ఆవిడ ముఖంలోకి చూశాడు. తర్వాత కొడుకును పిలిచాడు.

'సంతకం యాడ పెట్టాలంట?'