ఫోన్ చెప్తే రుజువక్కర్లేదా?

పోయిన నవంబరులో మేమిద్దరం గ్రీసు దేశపు క్రీట్ ద్వీపానికి సెలవులకి వెళ్ళాం. అక్కడివాళ్ళు పొలాల్లో వాటంతటవే మొలిచే ఆకుకూరలు ఏరుకొచ్చి, ఉడకబెట్టి, ఆలివ్ నూనె, నిమ్మరసం పోసుకుని తింటారు. వాటిని 'హోర్తా' అంటారు. మన పొన్నగంటికూర, గంగవాయిలికూర లాగే అన్నమాట. మాకు మొదటిరోజే నచ్చేసింది.

మర్నాడు ఒక ఆలివ్ తోటలో ఎప్పుడూ చూడని మొక్క కనబడింది. ముడతలు పడ్డ వెడల్పాటి ఆకులు నేలకి అతుక్కుని ఉన్నాయి. మధ్యలో ఊదారంగు పూలు. మొక్కల్ని గుర్తుపట్టే యాప్ కి ఫోటో చూపిస్తే 'బోరేజ్' అంది. బోరేజ్ ఆకులు ఆ ప్రాంతాల్లో తింటారు. నేనొక ఆకు తుంపి నోటిదాకా తీసుకెళ్ళాను.

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "దేవుడు చెప్పాడంటే రుజువేదీ అంటారు. ఫోన్ చెప్తే అక్కర్లేదా?"

నా దగ్గర జవాబు లేదు. ఆకు పడేసి, అప్పుడు మొక్కని సరిగ్గా చూశాను. బోరేజ్ కి గరుకు నూగుతో నిలువు కాండం ఉంటుంది, పూలు నక్షత్రాల్లా విచ్చుకుంటాయి. దీనికి పైకి లేచిన కాండమే లేదు. పూలు గంటల్లా ఉన్నాయి. బసకి వెళ్ళి ఆ ద్వీపపు మొక్కల పుస్తకం తిరగేస్తే తేలింది: అది మాండ్రేక్! మన ఉమ్మెత్త కుటుంబమే, ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్, హయోసిన్ విషాలే. 2022 అక్టోబరులో ఇటలీలోని నేపుల్స్ ప్రాంతంలో పాలకూరనుకుని ఇది తిని సుమారు పదిమంది ఆసుపత్రి పాలయ్యారు.

ఈ మొక్క చుట్టూ అల్లిన కథలకి లెక్కలేదు. వేరు మనిషి ఆకారంలో ఉంటుంది కాబట్టి పీకితే కేక పెడుతుందనీ, ఆ కేక విన్నవాడు చస్తాడనీ యూరపులో నమ్మారు. కత్తితో చుట్టూ మూడు గీతలు గీసి, పడమటికి తిరిగి కోయాలనే ఆచారాన్ని 2300 ఏళ్ళ క్రితమే థియోఫ్రాస్టస్ రాసిపెట్టాడు. ఇలాంటివి అతికించిన మాటలేనని కూడా ఆయనే అన్నాడు. తెలుగు బైబిల్లోని 'పుత్రదాత వృక్షపు పండ్లు' ఇవేనంటారు. ఆదికాండం 30వ అధ్యాయం చూడండి. సంతానం లేని రాహేలు ఆ పండ్లని లేయా దగ్గర అడిగి పుచ్చుకుంటుంది. ముందు కడుపు పండింది మాత్రం వాటిని ఇచ్చేసిన లేయాకి! కథలోనే మందు పనిచెయ్యలేదు, నమ్మకం మాత్రం నిలిచింది.

ఇవన్నీ చదివి నవ్వుకునే వాణ్ణే. కానీ ఆ తోటలో నేను చేసిందేమిటి? తినాలని ముందే ఉంది, ఫోన్ ఔనంది, కాదనే గుర్తుల్ని చూడలేదు. భక్తుడు చేసేదీ ఇదే కదా?

యాప్ చెప్పేది ఒక ఊహ. పనికొచ్చే ఊహే, కాదనను. కానీ మొక్క పేరు ఎవరు చెప్పినా, ఆ పేరు తప్పయితే ఏ గుర్తు కనబడాలో ముందు వెతకండి. నోట్లో పెట్టుకునే సంగతి తర్వాత.