ఇంట్లో కాల్చినా మైదా మైదాయే

జ్వరం వస్తే పాలు, బ్రెడ్డు అనే నమ్మకం మన ఇళ్లలో స్థిరపడింది. ఆసుపత్రిలో రోగులకు అవే ఇప్పించిన మా వైద్యులకూ అందులో వాటా ఉంది. పదవీ విరమణానంతరం ఆ రొట్టెను నేనే కాలుస్తున్నాను.

అరకిలో మైదా, 300 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీరు, 7 గ్రాముల పొడి ఈస్టు, 8 గ్రాముల ఉప్పు చాలు. పది నిమిషాలు బాగా మర్దించి, రెట్టింపయ్యేదాకా మూతపెట్టి ఉంచండి. మన వేసవిలో గంటలోపే పొంగుతుంది. అచ్చులో మరొకసారి పొంగనిచ్చి, 200 డిగ్రీల వేడిలో అరగంటకు పైగా కాల్చండి. చల్లారకముందే కోస్తే లోపల జిగటగా ఉంటుంది. మా మనవడికి ఇంకా ఆ ఓపిక రాలేదు.

పిండి బిగువుకై కొందరు వాడే పొటాషియం బ్రోమేటును మన దేశంలో 2016లో నిషేధించారు. ఇంటి రొట్టెలో ఆ బెంగ లేదు. అయితే "ఇంట్లో చేసిందే కదా డాక్టరుగారూ" అంటూ మధుమేహ రోగులు నాలుగేసి ముక్కలు తింటున్నారు. అక్కడే నా అభ్యంతరం. తవుడు, మొలక తొలగించిన మైదాలో పీచు స్వల్పం. అది త్వరగా గ్లూకోజుగా మారుతుంది. మన ఓవెన్ ఆ గుణాన్ని మార్చలేదు. పైగా రొట్టెను పదహారు ముక్కలు చేస్తే, నాలుగింటితోనే 2 గ్రాముల ఉప్పు లోపలికి పోతుంది. రోజంతటికీ 5 గ్రాములు మించరాదు.

చక్కెర వ్యాధి ఉన్నవారు ఒకటి రెండు ముక్కలతో ఆపి, గుడ్డో శనగల కూరో తోడు చేసుకోండి. జ్వరానికంటారా, ఇడ్లీ ఉండనే ఉంది.