చిప్ మారితే యాప్ మాయం!

మీ ఫోన్‌లో ఉన్నది దాదాపు కచ్చితంగా ఆర్మ్ చిప్. ప్లేస్టోర్‌లో ఇన్‌స్టాల్ నొక్కేటప్పుడు 'ఈ యాప్ నా చిప్ మీద నడుస్తుందా?' అని ఎప్పుడైనా ఆలోచించారా? ఆలోచించి ఉండరు, ఆ అవసరమే రాలేదు. అదే ఆర్మ్ చిప్ ఉన్న కంప్యూటర్ కొని లైనక్స్ వేసుకుంటే మాత్రం మొదటిరోజే ఈ ప్రశ్న ఎదురవుతుంది.

మా బాబాయి కొడుకు బీటెక్ ఈసీఈ సెకండియర్. "అన్నయ్యా, ల్యాప్‌టాప్‌కి అంత డబ్బు పోసే బదులు రాస్‌బెర్రీ పై 5 కొని, ఇంట్లో టీవీకి తగిలించుకుంటే సరిపోదా?" అని అడిగాడు. మంచి ప్రశ్నే. జవాబు చిప్ స్పీడ్‌లో లేదు, వాడికి కావాల్సిన యాప్‌ల లిస్టులో ఉంది.

లైనక్స్‌లో ఈమధ్య యాప్‌లు ఎక్కువగా ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ అనే ప్యాకేజీల్లో వస్తున్నాయి. ఐడియా మన ఫోన్ లాంటిదే. యాప్‌కి కావాల్సిన సామానంతా దానితోనే వస్తుంది. చుట్టూ శాండ్‌బాక్స్ అనే కంచె ఉంటుంది. మీ ఫైళ్లు, కెమెరా, మైక్ ముట్టుకోవాలంటే పర్మిషన్ ఉండాలి. ఉబుంటు అయినా ఫెడోరా అయినా ఒకటే ప్యాకేజీ. దీంతో డిస్ట్రోల గొడవ చాలావరకు తీరింది. చిప్‌ల గొడవ మాత్రం తీరలేదు. ఎందుకంటే డబ్బా ఒకటే అయినా, అందులో ఉండే ప్రోగ్రామ్‌ని ఇంటెల్, ఏఎండీ చిప్‌లకు ఒకసారి, ఆర్మ్‌కు ఇంకోసారి విడిగా కంపైల్ చెయ్యాల్సిందే.

ఆ పని ఎవరు చేస్తారన్నదే అసలు విషయం. ఫ్లాట్‌ప్యాక్‌లకు పెద్ద స్టోరు ఫ్లాట్‌హబ్. సోర్స్ కోడ్ బయటకు ఇచ్చిన యాప్ అయితే, మెయింటెయినర్ వద్దనకపోతే ఫ్లాట్‌హబ్ సర్వర్లే రెండు రకాల చిప్‌లకూ బిల్డ్ చేసేస్తాయి. లిబ్రేఆఫీస్, జింప్, ఇంక్‌స్కేప్ ఆర్మ్ మీద హాయిగా దొరికేది అందుకే. సోర్స్ ఇవ్వని కంపెనీ యాప్‌ల సంగతి వేరు. కంపెనీ తయారుచేసి ఇచ్చిన ఫైలే ప్యాకేజీలోకి వస్తుంది. స్పాటిఫై లైనక్స్ యాప్‌ని చాలాకాలం ఇంటెల్, ఏఎండీ చిప్‌లకే ఇచ్చింది. అలాంటప్పుడు ఆర్మ్‌కి దాన్ని ఫ్లాట్‌హబ్ కూడా తయారు చెయ్యలేదు. స్నాప్ స్టోర్‌లోనూ ఇదే కథ.

ఇంకో తిరకాసుంది. ఆర్మ్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ స్టోర్ తెరిస్తే మీ చిప్‌కి లేని యాప్ చాలాసార్లు లిస్టులోనే కనపడదు. 'మీ చిప్‌కి లేదు' అని చెప్పే దిక్కుండదు. కొత్తవాళ్లు స్పెల్లింగ్ మార్చి మార్చి వెతుకుతారు. చివరికి లైనక్స్‌కే ఆ యాప్ లేదనుకుంటారు.

మరి ఫోన్‌లో ఈ బాధ ఎందుకు లేదు? ఆండ్రాయిడ్ యాప్ కోడ్‌లో ఎక్కువ భాగం ఏ ఒక్క చిప్ భాషలోనూ ఉండదు, ఫోన్‌లోకి వచ్చాకే ఆ చిప్‌కి తగ్గట్టు మారుతుంది. చిప్ భాషలోనే రాసే మిగతా ముక్కల్ని డెవలపర్లు ముందు ఆర్మ్‌కే తయారు చేస్తారు, ఎందుకంటే కస్టమర్లంతా అక్కడే ఉన్నారు. డెస్క్‌టాప్‌లో ఇది తిరగబడింది, అంతే.

పరిస్థితి మెల్లగా మారుతోంది. 2020లో యాపిల్ ఎం1, 2024లో స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ల్యాప్‌టాప్‌లు వచ్చాక డెవలపర్ల టేబుళ్ల మీదికే ఆర్మ్ చేరింది. తన మెషీన్ మీద నడవకపోతే ఏ డెవలపరూ ఊరుకోడు కదా! 2025 మార్చిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 136తో మొజిల్లా కూడా 64 బిట్ ఆర్మ్ లైనక్స్‌కి అధికారికంగా బ్రౌజర్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంటెల్ చిప్ కోసం రాసిన ప్రోగ్రామ్‌ని ఆర్మ్ మీద నడిపించే బాక్స్64, ఫెక్స్ లాంటి అనువాదకులూ ఉన్నాయి. కాకపోతే కొంత స్పీడ్ పోతుంది, అన్ని యాప్‌లూ నడుస్తాయన్న గ్యారంటీ లేదు.

మా తమ్ముడి లిస్టు ముందేసుకుని కూర్చున్నాం. పైథాన్, జీసీసీ, వీఎస్ కోడ్: మూడూ ఆర్మ్‌కి ఉన్నాయి. మాట్‌ల్యాబ్ లైనక్స్ వెర్షన్ ఇంటెల్, ఏఎండీలకే. బదులుగా ఆక్టేవ్ ఉంది, లేదంటే బ్రౌజర్‌లో మాట్‌ల్యాబ్ ఆన్‌లైన్. ల్యాబ్‌లో ఎఫ్‌పీజీఏ కోసం వాడే వివాడో మాత్రం ఆర్మ్ మీద ఎక్కదు, సోర్స్ కూడా బయట లేదు. పై కొంటే ఆ పేపర్‌కి కాలేజీ ల్యాబే దిక్కు. అందుకే వాడికి సెకండ్‌హ్యాండ్ ఇంటెల్ ల్యాప్‌టాప్ చూసుకోమన్నాను. కోడింగ్, డాక్యుమెంట్లు, బ్రౌజింగ్ వరకే చాలనుకునేవాళ్లకైతే పై కొనుక్కోమనే చెప్తాను.

కొనే ముందు మూడు పనులు చెయ్యండి.

ఒకటి: ఫోన్‌లోనే ఫ్లాట్‌హబ్ సైట్ తెరిచి, మీకు కావాల్సిన ప్రతి యాప్ పేజీలో ఆర్కిటెక్చర్ వివరాలు చూడండి. 'ఏఆర్చ్64' అని ఉంటేనే 64 బిట్ ఆర్మ్‌కి ఉన్నట్టు. పేరు పక్కన వెరిఫైడ్ టిక్ ఉందో లేదో కూడా చూడండి. అది లేకపోతే ఆ ప్యాకేజీ అసలు డెవలపర్ దగ్గర్నుంచే వచ్చిందని అనుకోవడానికి లేదు.

రెండు: 64 బిట్ ఓఎస్సే వెయ్యండి. రాస్‌బెర్రీ పై ఓఎస్ 32 బిట్‌లోనూ దొరుకుతుంది. ఫ్లాట్‌హబ్ ఇప్పుడు 32 బిట్ ఆర్మ్‌కి కొత్త యాప్‌లు ఇవ్వడం లేదు.

మూడు: పై 5లో ఏదైనా యాప్ తెరవగానే మూసుకుపోతే, మెమరీ పేజీ సైజు సంగతి గుర్తు పెట్టుకోండి. మామూలు పీసీలో అది 4 కేబీ, పై 5లో డిఫాల్ట్‌గా 16 కేబీ. కొన్ని ప్రోగ్రామ్‌లకు అది పడదు. సెట్టింగ్స్ ఫైల్‌లో ఒక్క లైన్ రాసి 4 కేబీ కెర్నెల్‌కి మారొచ్చు.

ఇవన్నీ చూసుకోవడానికి పావుగంట చాలు. చిప్ ఎంత స్పీడో యూట్యూబ్ రివ్యూల్లో అందరూ చెప్తారు. మీకు కావాల్సిన యాప్ దాని మీద ఉందో లేదో మాత్రం మీరే చూసుకోవాలి.