పచ్చని గోడ కన్నా ముందు మండని గోడ: సూరత్ చెప్పే పాఠం



పర్యావరణహిత నిర్మాణ సామగ్రి గురించి జీఎస్-3లో ప్రశ్న వస్తే చాలా సమాధానాలు ఒకే మూసలో సాగుతాయి. తక్కువ బరువు, తక్కువ కార్బన్, కరెంటు ఆదా, చివర్లో సుస్థిరాభివృద్ధి లక్ష్యం-11. ఇవన్నీ సరైనవే. కానీ ఆ జాబితాలో ఒక ప్రశ్న దాదాపుగా కనిపించదు: "ఇది మండుతుందా?" నా అభిప్రాయంలో తేలికపాటి క్లాడింగ్ విషయంలో మొదట అడగాల్సింది అదే. ఎందుకో సూరత్ ఉదాహరణతో చూద్దాం.

తేలిక ఎందుకు మంచిది?

భవనం బయటి గోడలకు వేసే పై తొడుగే క్లాడింగ్. ఎండను, వానను ఆపడం, లోపలి వేడిని తగ్గించడం, భవనానికి రూపం ఇవ్వడం దీని పని. 20 మిల్లీమీటర్ల గ్రానైట్ పలక చదరపు మీటరుకు సుమారు 54 కిలోలు తూగుతుంది. 4 మిల్లీమీటర్ల అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్, అంటే మన బజారులో ఏసీపీ షీట్ అనేది, అయిదున్నర కిలోలే. బరువు తగ్గితే పునాదికి, స్తంభాలకు వాడే సిమెంటు, ఉక్కు తగ్గుతాయి. రవాణా ఖర్చూ తగ్గుతుంది. భూకంపం వచ్చినప్పుడు భవనం మీద పడే బలం దాని బరువును బట్టే ఉంటుంది. 2001 భుజ్ భూకంపం చూసిన గుజరాత్‌కు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

సూరత్ రెండు ముఖాలు

సూరత్ మనకు పరాయి ఊరు కాదు. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా లింబాయత్ ప్రాంతంలో ఉంటూ మరమగ్గాల మీద బతుకుతున్నాయి. ఆ నగరానికి నిర్మాణ రంగంలో రెండు ముఖాలున్నాయి.

మొదటిది, 2023 డిసెంబరు 17న ప్రారంభమైన సూరత్ డైమండ్ బోర్స్. 15 అంతస్తుల చొప్పున 9 టవర్లు, సుమారు 67 లక్షల చదరపు అడుగులు. ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ దీనికి ప్లాటినం రేటింగ్ ఇచ్చింది. టవర్లను కలిపే పొడవైన నడవా గుండా గాలి పారేలా కట్టారు, రేడియంట్ కూలింగ్ వాడారు. పచ్చదనం పైన అతికించే పలకతో రాదు, డిజైన్‌తోనే మొదలవుతుందని చెప్పడానికి మీకు ఇది మంచి ఉదాహరణ.

రెండో ముఖం సర్థానాలోని తక్షశిల ఆర్కేడ్. 2019 మే 24న అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో 22 మంది విద్యార్థులు చనిపోయారు. పై అంతస్తు కోచింగ్ సెంటర్లో ఉన్నవాళ్లకు మంటలు, పొగ మెట్ల దారిని మూసేశాయి. ప్రాణాలు దక్కించుకోవడానికి కొందరు పైనుంచి దూకారు. అది క్లాడింగ్ వల్ల జరిగిన ప్రమాదమని నేను అనడం లేదు. అక్రమ నిర్మాణం, తప్పించుకునే దారి లేకపోవడం, తేలిగ్గా మండే సామగ్రి అన్నీ కలిశాయి. పోయినవాళ్లు మనలాగే పుస్తకం పట్టుకుని క్లాసుకు వెళ్లినవాళ్లు. ఈ వ్యాసాన్ని మీలో ఎంతమంది ఏ కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులోనో, నాలుగో అంతస్తులోనో కూర్చుని చదువుతున్నారో ఒక్కసారి ఆలోచించండి.

మూడున్నర లీటర్ల కిరోసిన్

ఏసీపీ షీటులో రెండు పలచని అల్యూమినియం రేకుల మధ్య ఒక పొర ఉంటుంది. చవక రకాల్లో అది పాలిథిలిన్. 3 మిల్లీమీటర్ల పొర అనుకుంటే చదరపు మీటరుకు దాదాపు 2.8 కిలోల ప్లాస్టిక్. అది పూర్తిగా కాలితే వచ్చే వేడి సుమారు మూడున్నర లీటర్ల కిరోసిన్ వేడితో సమానం. అంటే వెయ్యి చదరపు మీటర్ల ముఖభాగం ఉన్న భవనం మూడున్నర వేల లీటర్ల కిరోసిన్‌ను ఒంటికి చుట్టుకుని నిలబడినట్టే.

2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో జరిగింది ఇదే. 72 మంది చనిపోయారు. పాత భవనానికి కొత్త క్లాడింగ్, ఇన్సులేషన్ వేసిన ఉద్దేశాల్లో ఇంటి వేడిని నిలిపి ఇంధనం ఆదా చేయడం కూడా ఒకటి. ఆ తర్వాత 2018లో ఇంగ్లండ్ 18 మీటర్లు దాటిన నివాస భవనాల బయటి గోడలకు మండే సామగ్రి వాడకాన్ని నిషేధించింది. ఉద్దేశం పచ్చనిదైనంత మాత్రాన ఫలితం సురక్షితం కాదు.

మరి ఏం వాడాలి?

మండని గుణం, తేలిక రెండూ ఉన్న సామగ్రి మనకు అందుబాటులోనే ఉంది. ఖనిజ పొర ఉన్న ఏ2 రకం ఏసీపీ, ఫైబర్ సిమెంట్ బోర్డు, టెర్రకోట పలకలు, ఇన్సులేషన్ కోసం రాక్‌వూల్. గోడ కట్టడానికి ఏఏసీ బ్లాకులు. మట్టి ఇటుక సాంద్రతలో వీటిది సుమారు మూడో వంతే, తయారీలో ఫ్లై యాష్ కూడా వాడతారు.

వ్యర్థం నుంచి తయారైన ప్రతిదీ పచ్చనిదే అనే వాదన దగ్గర మాత్రం జాగ్రత్త. దక్షిణ గుజరాత్ చెరకు పిప్పితో బోర్డులు చేయవచ్చు. సూరత్ పాలిస్టర్ ముక్కలతోనూ ప్యానెళ్లు చేయవచ్చు. కానీ పిప్పి మండుతుంది, పాలిస్టర్ కరిగి మండుతుంది. అగ్ని పరీక్షలో నెగ్గకుండా వాటిని ఎత్తైన భవనం బయటి గోడకు వేయకూడదు.

"ఖర్చు ఎక్కువ కదా?" అనే అభ్యంతరం న్యాయమైనదే. అందుకే నిబంధన అందరికీ ఒకేలా ఉండాలని నేను అనను. కోచింగ్ సెంటర్లు, ఆసుపత్రులు, బడులు, ఎత్తైన అపార్టుమెంట్లకు మండని క్లాడింగ్ తప్పనిసరి చేయాలి. చిన్న ఇళ్లకు ఏఏసీ గోడ, లేత రంగు సున్నం, కిటికీ మీద సన్‌షేడ్ చాలు.

లోపం ఎక్కడుంది?

గోడ గుండా ఇంట్లోకి వచ్చే వేడికి ఇకో నివాస్ సంహిత 2018 పరిమితి పెట్టింది. అగ్ని భద్రత సంగతి జాతీయ భవన నిర్మాణ సంహిత 2016 నాలుగో భాగం చెబుతుంది. రాష్ట్రాలు, పురపాలికలు తమ నిబంధనల్లో చేర్చుకుంటేనే అది కట్టుబాటవుతుంది. 74వ సవరణ తెచ్చిన 12వ షెడ్యూలు అగ్నిమాపక సేవలను పురపాలికల విధుల్లో చేర్చింది. కానీ గ్రీన్ రేటింగ్ ఒక దారి, ఫైర్ ఎన్ఓసీ ఇంకో దారి. ఈ రెండూ ఒకే ఫైలులో కలవాలి. అగ్ని పరీక్ష పత్రం లేని క్లాడింగ్‌కు గ్రీన్ భవనాల రాయితీలేవీ ఇవ్వకూడదు.

ఇది సాధ్యమేనా అంటే, జవాబు సూరత్‌లోనే ఉంది. 1994లో ప్లేగుతో దేశాన్ని వణికించిన నగరం అది. 1995లో కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో దేశంలోని శుభ్రమైన నగరాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. ఉన్న నిబంధనలను, ఉన్న సిబ్బందితోనే ప్రతిరోజూ అమలు చేయడం వల్ల వచ్చిన మార్పు అది. రేపు మీరు ఆ కుర్చీలో కూర్చుంటే ఒక భవనం ఫైలు మీ ముందుకు వస్తుంది. అందులో 'గ్రీన్' అనే ముద్ర కనిపించగానే సంతకం పెట్టకండి. అగ్ని పరీక్ష కాగితం ఎక్కడుందో అడగండి.

సాధన ప్రశ్న: "అగ్ని భద్రత లేని పర్యావరణహిత భవనం సుస్థిరం కాదు." భారత నగరాల అనుభవం ఆధారంగా చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)